ఎక్స్ఓ కోన్యాక్‌లో ఘాటు తప్ప నాకు ఇంకేమీ తగలడం లేదు, మీకు నిజంగా అన్ని వాసనలు వస్తాయా?

కొత్తరుచి
పుట్టినరోజుకి మా అన్నయ్య ఒక ఎక్స్ఓ కోన్యాక్ సీసా ఇచ్చాడు, ఫ్రాన్స్‌లో ద్రాక్షతో కాచి పీపాలో ముదరబెట్టే బ్రాందీ అట. పెట్టె మీద ఎండు ఆప్రికాట్, మల్లె, తోలు, దాల్చిన చెక్క అని పెద్ద చిట్టా రాసుంది. వరసగా మూడు రాత్రులు కూర్చున్నాను. పెద్ద బుడగలాంటి గ్లాసులో పోసి, సినిమాల్లో చూపించినట్టు అరచేతిలో పట్టుకుని వెచ్చబెట్టి, ముక్కు మొత్తం లోపలికి పెట్టి గట్టిగా పీల్చాను. ఘాటు నసాళానికి అంటింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. గుటక వేస్తే గొంతులో మంట, చివర్లో కాస్త తీపి, అంతే. మల్లె లేదు, తోలు లేదు. అన్నయ్య రోజూ ఫోన్ చేసి ఎలా ఉందిరా అని అడుగుతున్నాడు, బాగుందన్నయ్యా అని అబద్ధం చెప్పాల్సి వస్తోంది. అది నాకు నచ్చడం లేదు. మీరందరూ నిజంగానే ఇవన్నీ పసిగడుతున్నారా, లేక పెట్టె మీద చదివి చెబుతున్నారా? లోపం సీసాలో ఉందా, నా ముక్కులో ఉందా?

నిదానంగా
రెండింట్లోనూ లేదు. పెద్ద గ్లాసు, అరచేతి వేడి, గట్టిగా పీల్చడం. ఈ మూడూ మానేసి నాలుగో రాత్రి కూర్చోండి.

మంచుముక్క
నేనైతే రెండు ఐసు ముక్కలు వేసుకుంటా. మంటా ఉండదు, గొడవా ఉండదు.

రాగిబట్టీ
నిదానంగా గారు మూడు ముక్కల్లో చెప్పేశారు, నేను కొంచెం సాగదీస్తాను, ఎందుకంటే నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టాను.

ఆ బుడగ గ్లాసు చూడ్డానికి బాగుంటుంది కానీ దాని కడుపు పెద్దది, నోరు చిన్నది. లోపల ఆల్కహాల్ ఆవిరంతా పోగుపడి మూతి దగ్గర కాచుక్కూర్చుంటుంది. మీరు ముక్కు పెట్టగానే మొదట తగిలేది అదే. దాన్ని అరచేతిలో వెచ్చబెడితే ఇంకా ఎక్కువ లేస్తుంది. కోన్యాక్ కలిపేవాళ్లు వాడేది తులిప్ పువ్వు ఆకారంలో ఉండే చిన్న గ్లాసు, కింద కాస్త ఉబ్బు, పైకి సన్నగా పొడుగ్గా వెళ్తుంది. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు, కొనడానికి పరిగెత్తక్కర్లేదు.

ఇక పద్ధతి. 20, 25 మిల్లీలీటర్లకు మించి పోయకండి. పోశాక పది పదిహేను నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకుని మామూలుగా ఊపిరి తీసుకోండి. ఏదో తేలిగ్గా వస్తుంది, పువ్వో పండో. అప్పుడు నోరు కొంచెం తెరిచి గ్లాసుని పెదవి దాకా తీసుకురండి. వాసన ఘాటుగా మారే చోట ఆగి, ఒక అంగుళం వెనక్కి రండి. మీ స్థలం అదే. ఒక్కో సీసాకి ఆ స్థలం వేరు. వైన్‌ని తిప్పినట్టు గ్లాసుని గిరగిరా తిప్పకండి, ఒక్కసారి మెల్లగా వంచి గోడలు తడిస్తే చాలు.

మొదటి గుటకని లెక్కలోంచి తీసేయండి, అది నోటికి కబురు చెప్పడానికి. రెండోది పావు చెంచా అంత, నాలుక మీద పరిచి, నమిలినట్టు కదిపి, పది లెక్కపెట్టి మింగండి. మింగాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి. సగం రుచి అక్కడే ఉంది.

ల్యాబ్‌కోటు
ఒక్క మాట కలుపుతా. ఘాటు అనేది అసలు వాసన కాదు. వాసన పట్టే నరం వేరు, మంటని, నొప్పిని పట్టే నరం వేరు. మిరపకాయ కారం, ఉల్లిపాయ కోస్తే వచ్చే మంట, ఆల్కహాల్ ఘాటు, ఇవన్నీ ఆ రెండో నరం పని. అది గట్టిగా అరుస్తుంటే మొదటి నరం చెప్పేది వినపడదు. అందుకే గట్టిగా పీల్చేకొద్దీ తక్కువ తెలుస్తుంది. ముక్కు అలిసిపోయినట్టు అనిపిస్తే మీ చొక్కా చేతినో మోచేతి మడతనో వాసన చూసి మళ్లీ రండి, కుదుటపడుతుంది.

మూడోగుటక
నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదేం? 40 శాతం ఆల్కహాల్ దగ్గర కొన్ని వాసనలు మూసుకునే ఉంటాయి. నాలుగైదు చుక్కల నీళ్లు వేసి చూడండి. పోయడం కాదు, చుక్కలు. స్ట్రాతోనో డ్రాపర్‌తోనో.

మంచుముక్క
అంటే నీళ్లు కలపొచ్చు, ఐసు మాత్రం నేరమా? ఐసు కరిగితే నీళ్లే కదా అన్నా.

మూడోగుటక
నేరమేమీ కాదు, మీరు తాగేటప్పుడు హాయిగా వేసుకోండి. కానీ ఇక్కడ అడిగింది వాసన ఎందుకు రావడం లేదని. చల్లబడితే ఆవిరయ్యేది తగ్గుతుంది, ముక్కుకి చేరేదీ తగ్గుతుంది. మంట పోయిందని మీరు సంతోషిస్తారు, మంటతో పాటు మల్లె కూడా పోయింది.

మంచుముక్క
సరే, ఈ రాత్రి ఐసు లేకుండా ఒకటి పోసి చూస్తా. మాటిస్తున్నా.

సందేహాలపుట్ట
అసలు ఎక్స్ఓ అంటే ఎన్నేళ్లది? ఒకరు ఆరు అంటారు, ఒకరు పది అంటారు. నా దగ్గర ఉన్న సీసా మీద ఫీన్ షాంపేన్ అని కూడా రాసుంది, ఇందులో షాంపేన్ కలుపుతారా?

రాగిబట్టీ
ఇద్దరూ కరెక్టే. 2018 ఏప్రిల్ దాకా కోన్యాక్‌లో ఎక్స్ఓకి కనీసం 6 ఏళ్లు, అప్పటి నుంచి 10. ఇంకా చిన్న వయసు రకాల్లో వీఎస్‌కి 2, వీఎస్ఓపీకి 4. ఈ లెక్క సీసాలో కలిపిన వాటిల్లో అన్నిటికంటే చిన్నదానికి, సగటుకి కాదు. పైగా పీపాలో ఉన్న ఏళ్లే లెక్క. గాజు సీసాలోకి దిగాక వయసు ఆగిపోతుంది. 10 ఏళ్ల కోన్యాక్‌ని మీరు బీరువాలో 20 ఏళ్లు దాచినా అది 10 ఏళ్లదే.

షాంపేన్ కలపరు. కోన్యాక్ ప్రాంతాన్ని ఆరు ముక్కలుగా విడదీశారు, వాటిల్లో సున్నపు నేల ఉన్న రెండిటి పేర్లు గ్రాండ్ షాంపేన్, పెతీ షాంపేన్. బుడగల షాంపేన్ వచ్చేది ఫ్రాన్స్‌లోనే వేరే మూల నుంచి, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఫీన్ షాంపేన్ అంటే ఈ రెండు నేలల సరుకు మాత్రమే కలిపింది, అందులో కనీసం సగం గ్రాండ్ షాంపేన్‌ది. ఆ నేలలవి మెల్లగా ముదురుతాయి, చిన్నప్పుడు బిగుసుకుని ఉంటాయి. బోర్దరీ అని ఇంకో చిన్న ముక్క ఉంది, దానిలోంచి వచ్చేవాటిలో వయొలెట్ పువ్వు వాసన అంటారు. నాకు అది మొదటిసారి నిజంగా తగిలిన రోజు గ్లాసు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

పీపావాసన
వయసు అంకెల్లో పడి అసలు సంగతి వదిలేస్తున్నారు. బట్టీలోంచి దిగినప్పుడు అది నీళ్లలా తెల్లగా, 70 శాతం దాకా ఉంటుంది. రంగు, తీపి వాసన, ఆ మెత్తదనం, అన్నీ ఓకు పీపా ఇచ్చినవే. లిమూజాన్ అడవి ఓకు, త్రాన్సే అడవి ఓకు. పీపా చేసేటప్పుడు లోపల నిప్పు పెట్టి కాలుస్తారు, చెక్కలోంచి వనిల్లా వాసన దిగేది ఎక్కువగా అలాగే. ఏటా సుమారు 2 శాతం గోడల్లోంచి గాల్లో కలిసిపోతుంది, దేవతల వాటా అంటారు. ఆ ఆవిరి తిని బతికే నల్ల బూజు ఒకటుంది, కోన్యాక్ ఊళ్లో గిడ్డంగుల గోడలు, కప్పులు దానివల్లే మసి పూసినట్టు ఉంటాయి.

ఇక 20, 30 ఏళ్లు దాటిన వాటిలో రాన్సియో అని ఒకటి వస్తుంది. దాన్ని మాటల్లో చెప్పడం కష్టం. పాత వాల్‌నట్, పుట్టగొడుగు, తేనెమైనం, మూసి ఉంచిన చెక్క బీరువా తలుపు తెరిస్తే వచ్చే గాలి, ఇవన్నీ కలిపి. ఒకసారి 30 ఏళ్ల బా-అర్మాన్యాక్ (ఫ్రాన్స్‌దే ఇంకో ద్రాక్ష బ్రాందీ) తాగి, బద్ధకంతో గ్లాసు కడక్కుండా పడుకున్నాను. పొద్దున ఎండిపోయిన ఆ గ్లాసు అడుగున వాసన చూస్తే తోలు, పొగాకు ఆకు, తేనె అంత స్పష్టంగా ఉన్నాయి. రాత్రి గ్లాసు నిండుగా ఉన్నప్పుడు కూడా అంత తెలియలేదు. అప్పట్నుంచి నేను గ్లాసులు రాత్రి కడగను.

టెంకపండు
పీపావాసన గారి పోస్టు చదవడానికి చాలా బాగుంది, కానీ మీరే ఒప్పుకున్నారు చూడండి, అన్నీ పీపా ఇచ్చినవే అని. మరి పండు ఏమైంది? కోన్యాక్‌కి వాడే ద్రాక్షలో దాదాపు అంతా ఊన్యీ బ్లాన్ అనే ఒక్క రకమే. దాని వైన్ పుల్లగా, పలచగా, 9, 10 శాతం దగ్గర ఉంటుంది, విడిగా తాగితే ఎవరూ రెండో గ్లాసు అడగరు. చెక్క ఎక్కువగా మాట్లాడే చోట పండు గొంతు చిన్నదైపోతుంది.

ముక్కుకి అసలైన పరీక్ష రంగులేని పండ్ల సారా. దాక్కోవడానికి దానికి పీపా లేదు, రంగు లేదు, చక్కెర లేదు. కాచినవాడి చెయ్యి ఎలాంటిదో మొత్తం కనపడిపోతుంది. విలియమ్స్ బేరిపండుతో కాచింది ఒకటి నా చేత ఈ పిచ్చి పట్టించింది. గ్లాసులో పోయగానే బేరిపండు గుజ్జు కాదు, తొక్క వాసన వచ్చింది. ఆ గరుకు తొక్కని గోటితో గీరితే వస్తుందే, అది. తర్వాత తొడిమ దగ్గరి పచ్చి వాసన. ఒక పండు మొత్తం, తొక్కా గుజ్జూ తొడిమా అన్నీ నీళ్లలాంటి దాంట్లో ఎలా పట్టాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

కొత్తరుచి గారూ, మీరు మొదలుపెట్టాల్సింది కోన్యాక్‌తో కాదు, దీనితో. ఇందులో వెతుక్కోవాల్సింది ఒక్కటే పండు. దొరికిందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

పీపావాసన
ఒక్క పండు వాసన కోసమైతే ఆ పండే తినొచ్చు కదండీ. బ్రాందీ గొప్పతనం పండు ఇంకోటిగా మారడంలో ఉంది.

టెంకపండు
పండు వారంలో కుళ్లిపోతుంది. ఇది ఇరవై ఏళ్ల తర్వాత తీసినా ఆ తోట వాసనే. మీరు మారడం అంటున్నారు, నేను నిలబడడం అంటున్నాను.

నిదానంగా
ఈ గొడవ ఇక్కడ ఇదివరకు కూడా చూశాను. ఇద్దరూ రాసింది చదివితే రెండూ తాగాలనిపిస్తుంది, అదే చిక్కు.

ల్యాబ్‌కోటు
టెంకపండు గారి బేరిపండు గురించి. విలియమ్స్ రకంలో ఆ వాసనకి ముఖ్య కారణం ఒక ఎస్టర్ (పండ్ల వాసననిచ్చే రసాయనం), దానికి పేరే బేరి ఎస్టర్ అని పడింది. మంచి విషయం ఏంటంటే అది బట్టీలో కాగినా చెదరకుండా ఆవిరితో పాటు వచ్చేస్తుంది. అన్ని పండ్లకీ ఆ అదృష్టం లేదు. రాస్‌బెర్రీలో చక్కెర చాలా తక్కువ, పులియబెట్టి కాస్తే చేతికి వచ్చేది కొంచెమే. అందుకే వాటిని పులియబెట్టకుండా వాసన లేని ఆల్కహాల్‌లో నానబెట్టి, తర్వాత కాస్తారు. జర్మన్ లేబుల్స్ మీద చివర గైస్ట్ అని ఉంటే ఇలా నానబెట్టింది, వాసర్ అనో బ్రాండ్ అనో ఉంటే పండునే పులియబెట్టి కాచింది. గైస్ట్ తక్కువరకం అని కొందరు అంటారు, రాస్‌బెర్రీ విషయంలో నేను ఒప్పుకోను, మంచి గైస్ట్‌లో వాసన గది నిండా పరుచుకుంటుంది.

చెర్రీతో కాచే కిర్ష్‌లో బాదం వాసన వస్తుంది చూశారా, అది టెంకది. టెంకలోని గింజలో ఉండే ఒక పదార్థం విడిపోయి చేదుబాదం వాసన ఇస్తుంది. ఎక్కువ టెంకలు పగిలితే చేదు కూడా ఎక్కువవుతుంది.

సందేహాలపుట్ట
సీసా లోపల మొత్తం బేరిపండు ఉన్నవి ఫోటోల్లో చూశాను. సీసా అడుగు కోసి మళ్లీ అతికిస్తారా?

టెంకపండు
కొయ్యరు. వసంతంలో పిందె పడ్డప్పుడే ఖాళీ సీసాని కొమ్మకి కట్టి పిందెని లోపలికి దూర్చేస్తారు. పండు లోపలే పెరుగుతుంది. పక్వానికి వచ్చాక తొడిమ కోసి, కడిగి, సారా నింపుతారు. అన్నీ దక్కవు, కొన్ని లోపలే పాడైపోతాయి. ఒక చిన్న జాగ్రత్త, పండు ఎప్పుడూ సారాలో మునిగే ఉండాలి. సగం తాగి వదిలేస్తే పైకి తేలిన భాగం నల్లబడుతుంది.

అర్ధరాత్రి_చదువరి
కోన్యాక్ ద్రాక్ష పుల్లగా, పలచగా ఎందుకుందన్న దానికి ఒక కథ ఉంది, అది చెప్పకుండా వదలబుద్ధి కావడం లేదు. ముందు అక్కడ ఎక్కువగా ఉన్నది ఫోల్ బ్లాన్ష్ అనే రకం, చాలా సువాసన ఉన్నది. 1870ల్లో ఫిలాక్సెరా అనే పురుగు అమెరికా నుంచి వచ్చి తీగల వేళ్లు తినేసింది, కోన్యాక్ తోటలు చాలావరకు పోయాయి. దానికి మందు కూడా అమెరికాలోనే దొరికింది, ఆ పురుగుని తట్టుకునే అమెరికన్ వేళ్ల మీద ఫ్రెంచి తీగల్ని అంటుకట్టడం. ఆ సున్నపు నేలని తట్టుకునే వేళ్ల కోసం వెతుకుతుంటే టెక్సస్‌లో దొరికాయి. కానీ అంటుకట్టాక ఫోల్ బ్లాన్ష్ గుత్తులు మరీ ఒత్తుగా కాసి బూజు పట్టి కుళ్లడం మొదలైంది. ఊన్యీ బ్లాన్ ఆలస్యంగా పండుతుంది, అంత తేలిగ్గా కుళ్లదు, పులుపు నిలుస్తుంది. అలా అది గెలిచింది.

పులుపు ఎందుకు కావాలంటే, కాచబోయే వైన్‌లో గంధకం మందు వెయ్యకూడదు, వేస్తే బట్టీలో ఆ కంపు చిక్కబడుతుంది. మందు లేకుండా వైన్ పాడవకుండా కాచేదాకా నిలబెట్టేది ఆ పులుపే. టెంకపండు గారు దాన్ని తక్కువ చేసి మాట్లాడారు కానీ ఆ పులుపు లేకపోతే కోన్యాక్ లేదు.

బ్రాందీ అన్న మాట కూడా డచ్చివాళ్ల బ్రాండెవైన్ నుంచి వచ్చిందే, కాల్చిన వైన్ అని అర్థం.

టెంకపండు
ఈ పులుపు సంగతి నాకు తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫోల్ బ్లాన్ష్ ఇంకా ఎక్కడైనా దొరుకుతుందా?

రాగిబట్టీ
అర్మాన్యాక్‌లో దొరుకుతుంది, కొందరు దాన్ని ఒక్కదాన్నే కాచి సీసా మీద పేరు కూడా వేస్తారు. వీలైతే పీపా ముట్టని బ్లాన్ష్ దార్మాన్యాక్ రకం చూడండి, మీ దారిలోదే, రంగు ఉండదు, ద్రాక్ష పువ్వు వాసన.

అసలు అర్మాన్యాక్‌కీ కోన్యాక్‌కీ తేడా బట్టీలోనే మొదలవుతుంది. కోన్యాక్‌ని రాగి కుండలో రెండుసార్లు కాస్తారు. మొదటిసారి దిగేది 30 శాతం దగ్గర, రెండోసారి కాస్తే 70 దాకా. అర్మాన్యాక్ ఎక్కువగా నిలువు బట్టీలో ఒక్కసారే కాస్తారు, 52 నుంచి 60 మధ్య దిగుతుంది. ఒక్కసారే కాబట్టి బరువైన వాసనలు ఎక్కువ మిగులుతాయి. చిన్న వయసులో మొరటుగా ఉంటుంది, ముదిరితే మాత్రం దాని ముందు చాలా కోన్యాక్‌లు మరీ నున్నగా దువ్వినట్టు అనిపిస్తాయి. నా ఓటు అర్మాన్యాక్‌కే, దాచడం లేదు.

ఇంకో సంగతి, బట్టీ మొదట్లో దిగేది, చివర్లో దిగేది పక్కకి తీసేస్తారు, మధ్యలో దిగే గుండెకాయే ఉంచుతారు. ఎక్కడ కొయ్యాలో ముక్కుతో తేల్చుకోవాలి. పండ్ల సారాలో తల ఎక్కువ కలిసిపోతే గోళ్ల రంగు వాసన కొడుతుంది. తోక ఎక్కువైతే తడి అట్టపెట్టె వాసన. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే సగం చెడ్డ సీసాల్ని దూరం నుంచే పట్టేయొచ్చు.

ఆపిల్‌తోట
ఎవరూ కాల్వడోస్ పేరెత్తలేదు. పీపావాసన, టెంకపండు గార్ల గొడవ తీరేది అక్కడే. నార్మండీలో ఆపిల్‌తో కాస్తారు, పీపాలో కనీసం రెండేళ్లు పెడతారు. చిన్న వయసుదైతే కోసిన ఆపిల్, ముదిరితే ఉడికిన ఆపిల్, బటర్. దోంఫ్రోంతే అనే రకంలో కనీసం 30 శాతం బేరిపండు ఉండాలి. పండూ ఉంది, చెక్కా ఉంది.

టెంకపండు
ఒప్పుకుంటా, అది మంచి రాజీ.

పీపావాసన
నేనూ ఒప్పుకుంటా, కానీ ముదిరిందైతేనే.

సందేహాలపుట్ట
ముదురు రంగు ఉంటే ఎక్కువ వయసు అనుకోవచ్చా? నేను ఇన్నాళ్లూ అలాగే చూసి ఎంచుకుంటున్నా.

రాగిబట్టీ
అస్సలు అనుకోకండి. రంగు కోసం కారమెల్ కలపడానికి కోన్యాక్‌లో అనుమతి ఉంది. కొంచెం చక్కెర పాకం, ఓకు చెక్క ఉడికించిన కషాయం కూడా కలపొచ్చు. అందరూ కలుపుతారని కాదు. పాత పీపాల్లో పెట్టింది 25 ఏళ్లకి కూడా లేత బంగారు రంగులోనే ఉండొచ్చు. మింగిన తర్వాత తీపి పెదవులకి జిగురుగా అంటుకుని, నోరంతా ఒకటే వనిల్లా మిగిలిందంటే నాకు అనుమానం మొదలవుతుంది. వాసన ఎంతసేపు నిలుస్తుందన్నది రంగు కంటే నమ్మకమైన సాక్షి. నాలుగు నిమిషాల తర్వాత కూడా నోట్లో ఏదో మారుతూ ఉందంటే దాంట్లో సరుకుంది.

ల్యాబ్‌కోటు
గిడ్డంగి కూడా లెక్కలోకి వస్తుంది. పొడిగా ఉండే గిడ్డంగిలో నీళ్లు ఎక్కువ ఆవిరవుతాయి, లోపలిది గట్టిగా, ఎండినట్టు తయారవుతుంది. చెమ్మగా ఉండే దాంట్లో ఆల్కహాల్ ఎక్కువ పోతుంది, గుండ్రంగా మెత్తబడుతుంది. అందుకే ఒకే పీపాని కొన్నాళ్లు అక్కడా కొన్నాళ్లు ఇక్కడా మారుస్తారు.

పిస్కోపిట్ట
పీపా లేకుండా ద్రాక్షని చూపించేది ఇంకోటుంది, పెరూ దేశపు పిస్కో. ఎనిమిది రకాల ద్రాక్షకే అనుమతి, చెక్క ముట్టకూడదు, కనీసం మూడు నెలలు వాసన అంటని పాత్రల్లో నిలవ ఉంచాలి, నీళ్లు కలపకూడదు. ఎంత శాతం దగ్గర సీసాలో పడాలో అంత దగ్గరే బట్టీ ఆపాలి. ఇటాలియా అనే రకం ద్రాక్షతో కాచింది తీయండి, సంపెంగ పువ్వు దగ్గరికి ముక్కు తీసుకెళ్లినట్టే ఉంటుంది. చిలీ వాళ్ల పిస్కోకి నిబంధనలు వేరు, పీపాలో కూడా పెడతారు.

అనానస్_అత్యాశ
ఇవన్నీ చదువుతుంటే ఇంట్లోనే పండ్లు పులియబెట్టి చిన్న బట్టీ పెట్టాలనిపిస్తోంది. ఎవరైనా చేశారా?

ల్యాబ్‌కోటు
వద్దు, దయచేసి. పండులో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది, దాని నుంచి మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ పుడుతుంది, అది కళ్లు పోగొడుతుంది, ప్రాణం తీస్తుంది. మొదట దిగింది పారబోస్తే చాలు అని అనుకుంటారు, అది నిజం కాదు, పండ్ల సారాలో మిథనాల్ మొదటి నుంచి చివరి దాకా వస్తూనే ఉంటుంది. పైగా ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటే ఆపలేం. చాలా దేశాల్లో చట్టం కూడా ఒప్పుకోదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను.

అనానస్_అత్యాశ
అర్థమైంది. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేశా.

నోట్‌బుక్కు
కొత్తరుచి గారు అడిగిన రెండో ప్రశ్నకి ఎవరూ సూటిగా జవాబివ్వలేదు, చదివి చెబుతున్నారా అని. నా మటుకు నాకు మొదటి ఏడాది అదే జరిగింది. పెట్టె మీద క్విన్స్ అని ఉంటే నేనూ క్విన్స్ అని రాసుకునేదాన్ని. క్విన్స్ పండు నేను జన్మలో చూడలేదు! ఒకరోజు నాకే సిగ్గేసి ఆ పుస్తకం పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు తెలిసిన వాసనలే రాస్తాను. వాన పడ్డ ఇనుప గేటు, కొత్త చెప్పుల పెట్టె, అగ్గిపుల్ల ఆర్పిన క్షణం, నాన్న గొడుగు, కమలా తొక్క విరిస్తే చిమ్మే ఆ నూనె. వేరేవాళ్లకి అర్థం కాకపోయినా ఫరవాలేదు. అదే సీసా ఆరు నెలల తర్వాత తీస్తే మళ్లీ అదే నాన్న గొడుగు రాశాను, పాత పేజీ చూడకుండానే. అప్పుడు నమ్మకం కుదిరింది, ముక్కు అబద్ధం చెప్పడం లేదని.

కాబట్టి ముందు ఆ పెట్టెని పక్క గదిలో పెట్టండి.

రాగిబట్టీ
నోట్‌బుక్కు గారి పోస్టు ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చేది.

మూడోగుటక
నాకు తెలిసిన వాసనలే తక్కువ అని ఇది చదివాకే తెలిసింది. వారం నుంచి వంటింట్లో డబ్బాలు ఒక్కోటి మూత తీసి కళ్లు మూసుకుని వాసన చూస్తున్నా. లవంగం, యాలకులు కూడా మొదటిరోజు తారుమారు చేశాను.

మంచుముక్క
మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా. ఐసు లేకుండా పోసి పావుగంట ఆగాను. మొదట ఏమీ లేదు. తర్వాత తేనె. నిజంగా తేనె, అనుమానం లేకుండా. ఇన్నేళ్లూ అదే సీసా రకం తాగుతున్నా, అందులో తేనె ఉందని తెలియదు. ఎండాకాలంలో ఐసు మానను కానీ మొదటి పెగ్గు మాత్రం ఇకపై ఇలాగే.

టెంకపండు
చల్లదనం గురించి మంచుముక్క గారికి నా తప్పు కూడా చెప్పాలి. పండ్ల సారాని ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వాలని ఎవరో చెబితే ఏడాది పాటు అలాగే తాగాను. చిక్కగా, నున్నగా, వాసన లేకుండా ఉండేది. ఒకసారి సీసా బయట మరిచిపోయాను, గంట తర్వాత పోస్తే అదే సీసాలోంచి ఆప్రికాట్ లేచి వచ్చింది. ఆ ఏడాది తాగినవన్నీ వృథా చేసుకున్నానని బాధేసింది. కాస్త చల్లగా ఉంటే చాలు.

కొత్తరుచి
మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నిన్న రాత్రి కూర్చున్నాను.

బుడగ గ్లాసు పక్కన పెట్టి చిన్న వైన్ గ్లాసు తీశాను. పెట్టెని నోట్‌బుక్కు గారు చెప్పినట్టు పక్క గదిలో పెట్టాను. కొంచెమే పోసి ఇరవై నిమిషాలు కిటికీ దగ్గర నిలబడ్డాను, అది చాలా కష్టమైంది. గడ్డం దగ్గర పట్టుకుంటే మొదట ఎండుద్రాక్ష. ఇది పెట్టె మీద లేదు! ఒక అంగుళం ముందుకి జరిగితే మళ్లీ ఘాటు, వెనక్కి వచ్చాను. ఐదు చుక్కల నీళ్లు వేశాక కమలా తొక్క. ఆ తర్వాత ఇంకోటి వచ్చింది, దానికి పేరు దొరక్క చాలాసేపు తన్నుకున్నాను. అన్నయ్య చిన్నప్పుడు వాడిన చెక్క జామెట్రీ పెట్టె. పెన్సిల్ చెక్కిన పొట్టు అందులో ఎప్పుడూ ఉండేది. ఆ పెట్టె తెరిస్తే వచ్చే వాసన అది. మల్లె మాత్రం రాలేదు, వచ్చిందని అనను.

గొంతులో మంట తగ్గింది కానీ పోలేదు. పీపావాసన గారు చెప్పారని గ్లాసు కడగలేదు. పొద్దున లేచి చూస్తే అడుగున ఒక సన్నటి గీత మిగిలి ఉంది, వాసన చూస్తే జామెట్రీ పెట్టె ఇంకా అక్కడే ఉంది.

పీపావాసన
ఇది చదివి నాకు చాలా సంతోషమైంది.

నోట్‌బుక్కు
పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టుకోండి. జామెట్రీ పెట్టె అనే రాయండి, సెడార్ చెక్క అని మార్చకండి.

సందేహాలపుట్ట
తెరిచిన సీసా ఎన్నాళ్లు ఉంటుంది? పడుకోబెట్టాలా, నిలబెట్టాలా?

రాగిబట్టీ
నిలబెట్టాలి. వైన్‌లా పడుకోబెడితే 40 శాతం ఆల్కహాల్ బిరడాని తినేస్తుంది. ఎండ తగలకూడదు. మూడొంతులు నిండుగా ఉన్నప్పుడు నెలల తరబడి ఏమీ కాదు, అడుగుకి వచ్చాక గాలి ఎక్కువై వాసన పలచబడుతుంది. అప్పుడు చిన్న సీసాలోకి మార్చి మూతి దాకా నింపి బిగించండి.

కొత్తరుచి
నిలబెట్టాను. అన్నయ్యకి ఫోన్ చేసి జామెట్రీ పెట్టె సంగతి చెప్పాను, కాసేపు మాట్లాడలేదు, ఆదివారం వస్తున్నానన్నాడు. టెంకపండు గారూ, ఆ బేరిపండు సారాని ఆదివారం ముందు పోయమంటారా, కోన్యాక్ తర్వాత పోయమంటారా?

టెంకపండు
ముందు. పీపా రుచి నోట్లోకి వెళ్లాక బేరిపండు వినపడదు.

పీపావాసన
ఈ ఒక్కసారి టెంకపండు గారు చెప్పినట్టే చేయండి.